కన్ను నిలిచేదాకా

పాసో సౌసె ఊళ్ళో డాక్టరు ఎల్బియా టెచెరాను ఎరగనివాళ్ళు లేరు. ఆమె ఇంటి గడప తొక్కినవాళ్ళూ లేరు. ఊరి చివరి కబేళాలో ప్రభుత్వం తరఫున ఉండే పశువైద్యురాలు ఆమె. రోగం కుదర్చడం ఆమె పని కాదు. చావబోయే పశువు బాధ పడకుండా చస్తోందా లేదా అని చూడటం ఆమె పని.

అలా చూసే మనిషి కబేళావాళ్ళ విందులకు వెళ్ళకూడదు, వాళ్ళిచ్చే మాంసం ముక్క తీసుకోకూడదు అని నియమం. ఆ ఊళ్ళో ఇంటికొకరైనా కబేళాలో పనిచేసేవాళ్ళుంటారు. అంచేత ఆదివారం మధ్యాహ్నం ప్రతి పెరట్లోనూ నిప్పుల మీద పక్కటెముకలు కాలుతుంటే, ఆ పొగ ఎల్బియా వంటింట్లోకి వచ్చేది గానీ పిలుపు వచ్చేది కాదు. మొదట్లో పిలిచారు. మూడుసార్లు రానన్నాక మానేశారు. అందులో ఎవరి తప్పూ లేదు. ఆమెతో పన్నెండేళ్ళు కాపురం చేసిన అల్సీదెస్ అనే ఆయన, నీ బట్టల్లోంచి రక్తం వాసన పోవడంలేదని కొన్నాళ్ళూ, నీ మాటల్లోంచి పోవడంలేదని కొన్నాళ్ళూ సణిగి, చివరికి సాల్తో పట్నానికి వెళ్ళిపోయాడు. రాజధాని మోంతెవిదేయోలో ఉండే చెల్లెలు నిల్దా మాత్రం ఆదివారం ఆదివారం ఫోను చేసేది. "అక్కా, ఇంకా ఎన్నాళ్ళే అక్కడ?" అనేది. ఎల్బియా వానల సంగతి మాట్లాడేది.

ఏటా ఏప్రిల్ చివర, పస్కా పండుగ దాటగానే, ఇజ్రాయెల్ నుంచి యూదుల బృందం దిగేది. సెప్టెంబరు దాకా ఉండేవారు. వాళ్ళ దేశానికి వెళ్ళే మాంసానికి పశువును వాళ్ళ ధర్మం ప్రకారం వాళ్ళ మనిషే కోయాలి. ఆ కోసే మనిషిని షోహెట్ అంటారు. ఊరివాళ్ళకి ఆ తేడాలేవీ పట్టవు, గడ్డం ఉంటే చాలు, రబ్బీ అనేవారు. మామూలు పశువునైతే ముందు బోల్టు తుపాకీతో నుదుటి మీద కొట్టి స్పృహ తప్పిస్తారు. వీళ్ళ ధర్మంలో అది కుదరదు. ఏ దెబ్బా తగలని పశువును, గంటు లేని కత్తితో, ఆపకుండా, అదమకుండా కోయాలి.

పాతరోజుల్లో అలాంటి పశువును వెనక కాలికి గొలుసు వేసి ఈడ్చి, వేలాడదీసి, నలుగురు మెడ వంచి పట్టుకుంటే కోసేవారు. ఎల్బియా ఆరేళ్ళపాటు ఆ గొలుసు మీద నివేదికలు రాసింది. ఒక్కదానికీ జవాబు రాలేదు. ఉన్నట్టుండి ఒక ఏడు, కొనే దేశమే గొలుసు మాంసం మాకొద్దంది. అంతే, మూడు నెలల్లో గొలుసు పోయి తిరుగుడు పెట్టె వచ్చింది. పశువు దాంట్లోకి నడిచి వస్తుంది, పక్కలు మెల్లగా దగ్గరకొచ్చి ఒంటిని పట్టుకుంటాయి, పెట్టె తిరిగి వెల్లకిలా పడుకోబెడుతుంది, గొంతు పైకి వస్తుంది. పెట్టెతోపాటు కొత్త నియమం కూడా వచ్చింది. పక్కన ప్రభుత్వ వైద్యురాలు స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడాలి. ప్రతి ఐదో పశువుకు, కత్తి తెగిన క్షణం నుంచి కన్ను నిలిచేదాకా ఎన్ని సెకన్లో చూడాలి. నలభై దాటితే తుపాకీ వాడమని చెప్పాలి. అలా కొట్టిన పశువు వాళ్ళ లెక్కలో చెల్లదు, ఊరి బజారుకు పోతుంది. సాయంత్రం ఆ రోజు సగటును కాగితం మీద ఒక గడిలో వేసి రాజధానికి పంపాలి.

పనివాళ్ళకు ఆ గడియారం పెద్ద వేళాకోళం. మేస్త్రీ వాల్దెమార్ ఒకరోజు అందరూ వినేలా, "డాక్టరమ్మా, మా ఆవిడ పళ్ళెం పెట్టడానికి ఎంతసేపు చేస్తుందో కూడా ఓసారి చూసి పెట్టకూడదూ" అన్నాడు.

"నలభై దాటితే కబురు చెయ్యండి వాల్దెమార్, తుపాకీ నా దగ్గరే ఉంది" అంది ఎల్బియా.

అంతా నవ్వారు. మధ్యాహ్నం అదే మనుషులు గుంపుగా కూర్చుని మాతే అనే ఆకు కషాయం గిన్నెను, అందరూ ఒకే గొట్టంతో పీలుస్తూ, చేతులు మార్చుకుంటూ తాగుతుంటే, ఆమె గోడవతల సిమెంటు బల్ల మీద తన గిన్నె తను తాగింది.

ఆ ఏడు వచ్చిన బృందంలో కోసేవాళ్ళు నలుగురు. పెద్ద యెహీల్ అని నలభై ఏళ్ళ మనిషి, కరుకు. మొదటిరోజే అతను దుబాసీని వెంటబెట్టుకుని వచ్చి, కత్తి పక్కన ఆడమనిషి గడియారం పట్టుకుని నిలబడితే కోసేవాడి మనసు చెదురుతుందనీ, అవతల అద్దం వెనకనుంచి చూసుకోమనీ అన్నాడు. అద్దం వెనకనుంచి కన్ను కనిపించదని ఎల్బియా చెప్పింది. మాట మీద మాట పెరిగింది. అప్పుడు వెనక మూల రాయి మీద కత్తి నూరుకుంటున్న ముసలాయన తలెత్తకుండానే, దుబాసీ అక్కర్లేని స్పానిష్‌లో, అదీ బ్వేనస్ ఐరెస్ యాసలో అన్నాడు: "ఉండనీ. నా కత్తిని రోజూ ముగ్గురు గోటితో తడిమి చూస్తారు. ఇంకొకరు కంటితో చూస్తే అరిగిపోదు."

ఆయనే సెలిగ్ ఫుర్మన్. అరవై ఎనిమిదేళ్ళు. పుట్టింది పొరుగు దేశం అర్జెంటీనాలో, ముప్ఫయ్యో ఏట ఇజ్రాయెల్ వెళ్ళాడు. నలభై ఏళ్ళుగా అదే పని. పొడుగాటి మనిషి, గడ్డం తెల్లగా, చేతులు మాత్రం కుర్రవాడి చేతుల్లా ఉండేవి.

మర్నాడు మధ్యాహ్నం ఎల్బియా బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆయన అక్కడ కూర్చుని ఉన్నాడు, చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే గిన్నె. తక్కిన ముగ్గురూ హీబ్రూలో మాట్లాడుకుంటూ లోపల తింటున్నారు. వాళ్ళ వయసులు వేరు, కబుర్లు వేరు. ఎల్బియా బల్ల ఈ కొసన కూర్చుంది. ఆయన ఆమెకు తన గిన్నె ఇవ్వడు, ఆమె గిన్నెలోది తాగడు. పరాయి ఆడమనిషితో చెయ్యి కలపడు. ఆమె ఆయన దగ్గర ఏదీ పుచ్చుకోకూడదు. ఆ దేశంలో ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుని ఎవరి గిన్నె వాళ్ళు తాగడం ఎక్కడా కనపడదు. అటుగా వెళ్తున్న వాల్దెమార్ ఆగి చూసి, దెబ్బలాడుకున్న మొగుడూపెళ్ళాల్లా ఉన్నారని అనేసి పోయాడు. సెలిగ్ భుజాలు కదిలేలా నవ్వాడు. ఎల్బియాకు చెవులు వేడెక్కాయి.

ఆరోజు నుంచి మధ్యాహ్నాలు అలా గడిచాయి. ఎక్కువ మాటలు ఉండేవి కావు. ఆయన భార్య పోయి ఐదేళ్ళయింది. కూతురు ఇజ్రాయెల్లోనే అష్దోద్‌లో ఉంది, మనవలకు ఆయన మొహం ఫోన్లో చూస్తేనే గుర్తు. ఐదు నెలలు ఇక్కడ, రెండు నెలలు పోలండ్‌లో, ఇంకెక్కడో ఒక నెల, ఏ ఊరెళ్ళినా మంచం, దీపం, సానరాయి, అంతే. "నా పెట్టెలో సగం రాళ్ళే. కస్టమ్స్‌వాడు ఏటా అడుగుతాడు, ముసలాయనా ఈ రాళ్ళేమిటని" అన్నాడొకసారి. గొలుసు రోజుల గురించి ఎల్బియా అడిగింది. ఆయన మాతే పీల్చే గొట్టం నోట్లోంచి తీసి, ఆ రోజుల్లో కత్తి శుద్ధంగా ఉండేది గానీ తనకు నిద్ర ఉండేది కాదన్నాడు. ఆమె తను రాసిన నివేదికల సంగతి చెప్పింది. అవి చదివినవాళ్ళెవరూ లేరని చెప్పింది. ఆయన ఒక్కొక్కదాంట్లో ఏముందో అడిగి చెప్పించుకున్నాడు. ఆరు నివేదికలు వినడానికి ఆయనకు ఆరు మధ్యాహ్నాలు పట్టింది. ఆ వారం నిల్దా ఫోను చేసినప్పుడు, "ఏమిటక్కా, గొంతు మారిందే" అంది. జలుబని చెప్పింది ఎల్బియా.

కాగితం మీద రోజుకొక సగటు వేస్తే చాలు. కానీ ఎల్బియాకు ఒక అలవాటుంది. జేబులో నీలం అట్ట నోటుబుక్కు పెట్టుకుని, ఎవరు కోసినదానికి ఎన్ని సెకన్లు పట్టిందో విడివిడిగా రాసుకునేది. ఎవరూ రాయమనలేదు. యెహీల్‌కు పద్దెనిమిది, కుర్రవాళ్ళిద్దరికీ పందొమ్మిది, ఇరవై. సెలిగ్‌కు పద్నాలుగు. మే నెలంతా పద్నాలుగే. ఆయన పెట్టె దగ్గర నిలబడితే పశువు కాళ్ళు కూడా పెద్దగా తన్నుకునేవి కావు. కత్తి వెళ్ళి వచ్చేది, కంటిమీద మబ్బు కమ్మినట్టయ్యేది, అయిపోయేది. పదకొండేళ్ళలో ఆమె అలాంటి చేతిని చూడలేదు.

జూన్ మొదట్లో యూదుల వారాల పండుగ వచ్చి రెండు రోజులు పని ఆగింది. అది దాటాక చలి పట్టుకుంది, అక్కడ జూన్ అంటే చలికాలం. పొద్దున్నే పశువుల దొడ్లో గడ్డి మీద తెల్లగా మంచు పేరేది. ఆ వారమే సెలిగ్ అంకె పదహారయింది. పై వారం పందొమ్మిది. ఎల్బియా గడియారాన్ని అనుమానించి ఇంకోటి తెచ్చుకుంది. ఆ రెండోది ఇరవై నాలుగు చూపించింది.

అప్పుడామె కన్ను వదిలి చెయ్యి చూడటం మొదలుపెట్టింది. చేతిలో వణుకు లేదు. కత్తి అంచులో లోపం లేదు, ప్రతిసారీ ముగ్గురూ చూసి సరేనంటున్నారు. తేడా భుజంలో ఉంది. ఆయన కుడి భుజం పైకి లేవడం లేదు. అందుకని కోత దవడ దగ్గర పడవలసింది, నాలుగు వేళ్ళ కిందికి, ఛాతీ వైపు పడుతోంది. ధర్మం ప్రకారం అక్కడ కోసినా చెల్లుతుంది. కానీ అంత కింద కోస్తే ఒక్కోసారి రక్తనాళాల కొసలు ముడుచుకుపోయి నెత్తురు నిలిచిపోతుంది, మెదడులో వెలుగు ఆరడానికి ఆలస్యమవుతుంది. వాళ్ళ నియమానికి ఆయన తప్పు చేయలేదు. ప్రభుత్వ నియమానికీ చేయలేదు, నలభై దాటలేదు గనక. నలుగురి సగటులో ఆయన అంకె కలిసిపోయి కాగితం మీద ఇరవై అని పోతోంది. లోకం మొత్తం మీద ఆ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఎల్బియా, రెండోది పశువు.

ఆమె చెప్పలేదు.

రేపు చెబుదామనుకునేది. మధ్యాహ్నం బల్ల దగ్గర ఆయన ఎడమచేత్తో ఫ్లాస్కు వంచుకోవడం చూసి, రేపు అనుకునేది. యెహీల్‌కు తెలిస్తే మర్నాడే ఇంటికి పంపేస్తాడు. ఇల్లంటే ఏముంది ఆయనకు? గోడకు ఆనించిన రాళ్ళ పెట్టె. కాగితం మీద రాస్తే, ఈ పద్ధతే ఆపేయాలనే వాళ్ళ చేతికి దొరుకుతుంది, ఒక ముసలివాడి భుజం ఊరూరా పేపర్లకెక్కుతుంది. చలి తగ్గితే భుజం సర్దుకుంటుందేమో. ఇలా ఆమె తనకు తాను ఎన్నో చెప్పుకుంది. అసలు కారణం వాటిలో లేదు. ఆయన వెళ్ళిపోతే బల్ల ఆ కొస ఖాళీ అవుతుంది. అది ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆ మాట పైకి అనుకోలేదు.

జూన్ చివరి గురువారం, పదింటప్పుడు, ఎర్రటి ఎద్దొకటి వచ్చింది. నుదుటి మీద తెల్ల మచ్చ, మంచి బరువు. పెట్టెలోకి బెదరకుండా నడిచొచ్చింది. పెట్టె తిరిగింది. సెలిగ్ కత్తి వేశాడు. ఎల్బియా గడియారం నొక్కింది. నెత్తురు ఒక్కసారి ఎగజిమ్మి, సన్నబడింది. ఇరవై అయింది. కన్ను తిరుగుతూనే ఉంది. ముప్ఫై అయింది. ఆ కన్ను పెట్టె అంచు మీదనుంచి ఎల్బియా టోపీ మీదికి వచ్చి, అక్కడ ఆగి, మళ్ళీ కదిలింది. ఊపిరి తెగిన గొట్టంలోంచి ఈల వేసినట్టు వస్తోంది. నలభై.

"తుపాకీ" అంది ఎల్బియా.

తుపాకీ మనిషి యెహీల్ వంక చూశాడు. అతను చెయ్యెత్తి ఆగమన్నాడు. నలభై నాలుగు. ఎల్బియా వెళ్ళి తుపాకీ తనే అందుకుని, ఎద్దు నుదుటికి ఆనించి నొక్కింది. పదకొండేళ్ళలో ఆమె తన చేత్తో ఏ పశువునూ చంపలేదు. అది మొదటిది.

యంత్రాలన్నీ ఆగిపోయాయి. యెహీల్ హీబ్రూలో అరిచాడు, దుబాసీ అందులో సగం మింగి సగం చెప్పాడు. ఇంకో పది సెకన్లు ఆగితే దానంతటదే పోయేదనీ, మంచి పశువును చెల్లకుండా చేసిందనీ, పైవాళ్ళకు రాస్తాననీ. రాయమంది ఎల్బియా. వాల్దెమార్ నీళ్ళ గొట్టం పట్టుకుని నేల కడుగుతూ, ఈ అమ్మ గడియారంతో మనందరి ఇళ్ళకూ తాళం పడుతుందని గొణిగాడు. ఎవరూ నవ్వలేదు. సెలిగ్ కత్తి తుడిచి, గోటితో అంచు తడిమి చూసుకుని, ఒరలో పెట్టి, తన వంతు ఇంకొకరికిచ్చి బయటికి వెళ్ళాడు.

మధ్యాహ్నం ఎల్బియా బల్ల దగ్గరికి వెళ్ళేసరికి ఆయన ఉన్నాడు. చేతిలో గిన్నె లేదు.

"మీ జేబులో పుస్తకం ఒకటుంది" అన్నాడు. "నాకు చూపించండి."

ఆమె నోటుబుక్కు తీసి ఇద్దరి మధ్యా బల్ల మీద పెట్టింది. ఆయన తీసుకుని తన పేరున్న పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. అంకెల వెంట వేలు దిగుతూ పోయింది. పద్నాలుగులున్న పేజీల దగ్గర వేలు తొందరగా వెళ్ళింది. తర్వాత నెమ్మదించింది. చివరికొచ్చాక మళ్ళీ మొదటికి వెళ్ళాడు.

"పండుగ తర్వాత నుంచి" అన్నాడు.

ఎల్బియా అవునంది. భుజం పైకి లేవడం లేదనీ, కోత కిందికి పడుతోందనీ, వేలితో తన మెడ మీదే చూపించి చెప్పింది. ఆయన తల ఊపాడు. భుజం నొప్పి తనకు తెలుసట. అది తన నొప్పి అనుకున్నాడట. పశువుదాకా వెళ్తోందని తెలియలేదట. కత్తి వేసినవాడు వెంటనే పక్కకు తప్పుకోవాలి గనక కన్ను ఎప్పుడూ చూడలేదట.

అంతవరకూ ఎల్బియాకు ధైర్యంగానే ఉంది. ఆయన పుస్తకం మూసి, "మీకు ఎప్పుడు తెలిసింది డాక్టరుగారూ?" అన్నాడు.

"పన్నెండు పనిదినాలయింది."

"పన్నెండు." ఆయన లేచి నిలబడ్డాడు. "ఈ పన్నెండు రోజుల్లో నేను ఎన్నింటిని కోశాను?"

ఆమె రోజువారీ చీటీలు తీసి కూడింది. కూడుతుంటే పెన్సిలు మొన విరిగింది. ఇంకో పెన్సిలు తీసుకుంది. "ఎనిమిది వందల ఆరు" అంది.

"ఎందుకు చెప్పలేదు?"

"మీరు బాధపడతారని."

"నా మీద జాలిపడ్డారు" అన్నాడు సెలిగ్. గొంతు పెంచలేదు. "నా మీద జాలిపడటానికి నాకు కూతురుంది, దేవుడున్నాడు. వాటికి మీరు తప్ప ఎవరున్నారమ్మా? అందుకే కదా మిమ్మల్ని అక్కడ నిలబెట్టింది."

ఇంకెవరైనా అని ఉంటే ఎల్బియా నియమం చూపించేది, నలభై దాటలేదని వాదించేది. ఈయన దగ్గర ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒంటరిగా ఉన్నాను, మీరు వెళ్ళిపోతారని భయపడ్డాను అని చెబుదామనుకుంది. అది ఎనిమిది వందల ఆరు పశువుల పక్కన పెట్టదగ్గ మాట కాదనిపించింది. ఆయన పుస్తకాన్ని బల్ల మీద ఆమె వైపుకు జరిపి, లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే ఆయన తన కత్తులు మూడూ యెహీల్ ముందు పెట్టాడు. యెహీల్ ఒప్పుకోలేదట. ముసలివాడికి రోజుకు ముప్ఫై పశువులే ఇస్తాననీ, చలికాలం పోతే సర్దుకుంటుందనీ బతిమాలాడట. దుబాసీ తర్వాత చెప్పాడు ఇదంతా. సెలిగ్ వినలేదు. ఇంకో మాట కూడా అడిగాడు: ఇక మీదట ఒక్కొక్కరి అంకెలూ విడివిడిగా చూసుకోమని, ఆ పుస్తకం వారం వారం తెప్పించుకోమని. యెహీల్ కోపంగా లేచిపోయాడు.

విమానం దొరకడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజుల్లో పని ఉన్నప్పుడల్లా సెలిగ్ కబేళాకు వచ్చి కుర్రవాళ్ళ కత్తులు నూరిపెట్టాడు. మధ్యాహ్నం బల్ల దగ్గరికి రాలేదు. ఎల్బియా మాత్రం ఎప్పటిలాగే వెళ్ళి కూర్చుంది, ఎక్కడ కూర్చోవాలో తెలియక ఈ కొసనే కూర్చుంది. రెండుసార్లు నడవాలో ఎదురుపడ్డారు. ఆయన టోపీ తాకాడు. ఆమె తల వంచింది.

ఆయన బస్సెక్కే రోజు ఆదివారం. ఎల్బియా వెళ్ళకూడదనుకుంది, వెళ్ళింది. బస్సు ఆగే చోట ఊరివాళ్ళెవరూ లేరు, ఒక కుక్క, టిక్కెట్ల కిటికీలో నిద్రపోతున్న మనిషి. సెలిగ్ రాళ్ళ పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. ఎడమచేత్తో పెట్టె మోయలేడని ఆమెకు తట్టి, డ్రైవరును పిలిచి ఎక్కించమంది. డ్రైవరు ఎత్తబోయి, ఇదేం పెట్టె, మనిషి ఉన్నాడా లోపల అన్నాడు.

ఏం చెయ్యబోతున్నారని ఎల్బియా అడిగింది. కూతురి ఇంటికి కాదు, ఒక పాఠశాల ఉంది, అక్కడ కోత నేర్చుకునేవాళ్ళకు కత్తి నూరడం చెప్పమని ఎప్పటినుంచో అడుగుతున్నారన్నాడు. ఇప్పుడు కన్ను చూడటం కూడా చెబుతాడట. ఒప్పుకుంటారో లేదో.

"మొన్న గట్టిగా అన్నాను" అన్నాడు తర్వాత.

"సరిగ్గానే అన్నారు."

"సరిగ్గానే అన్నాను" అని ఒప్పుకున్నాడాయన. "కానీ మీరు ఆరేళ్ళు గొలుసు మీద రాశారు. చదివేవాడు లేకపోయినా రాశారు. అది కూడా అనవలసింది. అనలేదు."

బస్సు కదిలేముందు ఆయన చెయ్యి చాపలేదు. కుడిచేతిని గుండెల దాకా ఎత్తబోయి, అది రాకపోతే, ఎడమచేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. ఎల్బియా బస్సు మలుపు తిరిగేదాకా ఉండి, కుక్కకు ఏమన్నా పెడదామని సంచి వెతికితే ఏమీ లేదు.

ఆ తర్వాత చలికాలం మిగిలిందంతా చాలా పొడుగనిపించింది. నలుగురు చేసే పని ముగ్గురు చేస్తుంటే రోజుకు పశువులు తగ్గాయి, పనివాళ్ళను వారానికి ఒకరోజు ఇంటి దగ్గర ఉండమన్నారు. అది ఎవరి మూలంగా జరిగిందో ఊళ్ళో పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. రొట్టెల దుకాణంలో ఎల్బియా వంతు వచ్చేసరికి అమ్మాయి లోపలికి వెళ్ళి చాలాసేపటికి గానీ తిరిగొచ్చేది కాదు. వాల్దెమార్ వేళాకోళాలు మానేశాడు. అది అన్నింటికంటే కష్టంగా ఉండేది. గడియారం మీద ఇంకొక్క ముతక జోకు వేస్తే బాగుండునని ఆమె కొన్నిసార్లు ఎదురుచూసింది. కుర్ర షోహెట్లు ఆమె వస్తుంటే మాటలు ఆపేసేవారు.

ఎల్బియా రాజధానికి ఉత్తరం రాసింది. సగటు చాలదు, కోసినవారి వారీగా అంకెలు రాయాలి, కోత ఏ చోట పడిందో కూడా రాయాలి అని. అందులోనే, ఒక మనిషి విషయంలో తను పన్నెండు రోజులు ఆలస్యంగా చెప్పానని, అందువల్ల ఎనిమిది వందల ఆరు పశువులకు ఎక్కువ బాధ కలిగిందని, పేరు లేకుండా రాసింది. ఆ వాక్యం రాయనక్కర్లేదు. కొట్టేసి, మళ్ళీ రాసింది. నిల్దాకు ఫోన్లో చదివి వినిపిస్తే, "నీకు పిచ్చా అక్కా? ఎవరూ అడగనిదాన్ని నువ్వే ఎందుకు ఒప్పుకుంటావు?" అంది. పంపేసింది ఎల్బియా.

ఆగస్టులో రెండు కాగితాలు ఒకే కవరులో వచ్చాయి. ఒకటి కొత్త ఫారం. పాత గడి పక్కన సన్నగా ఇంకో వరస గీశారు, కోసినవారి గుర్తు రాయడానికి. కోత చోటు గురించి ఏమీ లేదు. రెండోది ఆమెకు బదిలీ. నదీముఖంలో ధాన్యం ఎగుమతి చేసే రేవులో ఖాళీ ఉందనీ, అక్కడ పశువులు ఉండవనీ, గోధుమలో పురుగు ఉందో లేదో చూస్తే చాలనీ, ఆమె ఇన్నేళ్ళ సేవకు ఇది గౌరవంగా ఇస్తున్నామనీ ఉంది. యెహీల్ రాసిన ఫిర్యాదు మూలంగానో, ఆమె రాసిన వాక్యం మూలంగానో, లేక నిజంగా గౌరవంగానో, కాగితం చూస్తే తెలిసేలా లేదు.

నిల్దా సంబరపడింది. రేవు రాజధానికి మూడు గంటలే, ఆదివారాలు వచ్చి తనతో తినవచ్చంది. ఎల్బియా ఆ మాట విని సగం మెత్తబడింది కూడా. శనివారమంతా ఇల్లు చూసుకుంది. సామానంటూ పెద్దగా లేదు, రెండు పెట్టెల్లో సరిపోతుంది. గోధుమకు కన్ను లేదు. రోజంతా పని చేసి ఇంటికొస్తే బట్టలకు పొట్టు వాసన తప్ప ఏమీ ఉండదు. బల్ల మీద పక్కన కూర్చోవడానికి అక్కడ ఎవరో ఒకరు దొరకవచ్చు.

ఆదివారం మధ్యాహ్నం వీధిలో పొగలు లేచాయి. ఆమె కిటికీ మూసి బదిలీ కాగితం ముందు పెట్టుకుని కూర్చుంది. బదిలీ ఒప్పుకుంటే సంతకం చాలు. వద్దంటే కారణం రాయాలి, దానికి నాలుగు గీతలు ఇచ్చారు. ఎల్బియా మొదటి గీత మీద, "రేపు నూట తొంభై పశువులు వస్తున్నాయి" అని రాసింది. తక్కిన మూడు గీతలూ ఖాళీగా వదిలి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా నడిచి వేసి వచ్చింది. దారిలో ఎవరూ పలకరించలేదు.